గుండె భయం, అప్పు భయం: ఒక రొయ్యల రైతు కేసులో కాగ్నిటివ్ పద్ధతి బలాలు, పరిమితులు

కోనసీమ తీర మండలాల్లో కౌలు చెరువుల మీద వనామి రొయ్యలు పెంచే 42 ఏళ్ల రైతును 2025 వేసవిలో ఒక గుండె వైద్యుడు మానసిక చికిత్స చేసే నా దగ్గరకు పంపారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్ పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడదడలాడడం, ఒళ్లంతా చెమటలు పట్టడం, చేతులు తిమ్మిరెక్కడం, ఊపిరి అందకపోవడం మొదలై, పది పదిహేను నిమిషాల పాటు ప్రాణం పోతున్నట్టే ఉంటోందని ఆయన చెప్పారు. అప్పటికే అర్ధరాత్రి వేళల్లో ఆసుపత్రికి పరుగెత్తడం, సూది వేయించుకుని తెల్లారేసరికి ఇంటికి రావడం జరిగాయి. గుర్తుపట్టే వీలు లేకుండా ఈ కేసులోని వ్యక్తిగత వివరాలను మార్చాను.

మొదటి దాడి మే నెలలో, తెల్లవారుజామున చెరువు గట్టు మీద వచ్చింది. కరెంటు పోయింది, జనరేటరు వెంటనే అందుకోలేదు. చివరికి జనరేటరు నడిచి, ఏరేటర్లు, అంటే నీటికి గాలి అందించే యంత్రాలు, మళ్లీ ఆడడం మొదలయ్యాక, ప్రమాదం తప్పిన తరవాత, నిలుచున్న చోటే ఆయన కూలబడ్డారు. చెరువుల పని తెలియనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పగలు నీటిలోని సూక్ష్మ మొక్కలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది కానీ రొయ్యలూ, ఆ మొక్కలూ, అడుగున కుళ్లే మేతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కనుక, తెల్లవారే ముందు గంటల్లో నీటిలో అది అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. ఒత్తుగా సీడు (రొయ్య పిల్లలు) వేసిన చెరువులో సరిగ్గా ఆ వేళ ఏరేటర్లు ఆగితే నెలల తరబడి పెట్టిన పెట్టుబడి తెల్లారేసరికి నీళ్లపాలవుతుంది. అంటే ఆయన భయపడిన ప్రమాదం ఊహించుకున్నది కాదు. తన గుండె గురించి ఆ రాత్రి ఆయన చేసుకున్న నిర్ణయం మాత్రం తప్పు. ఈ కేసు మొత్తం ఈ రెండింటినీ విడదీయడం చుట్టూనే నడిచింది.

తొలి అంచనా

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో ఆయనకు 27కి 16, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 15 వచ్చాయి. పానిక్ డిజార్డరు, అంటే ఉన్నట్టుండి తీవ్ర భయం దాడి చేసే జబ్బు, దానితో పాటు ఒక మోస్తరుకు మించిన డిప్రెషన్ ఉన్నట్టు నిర్ధారించాను. చనిపోవాలన్న ఆలోచనల గురించి నేరుగా అడిగాను. "కొన్ని రోజులు అనిపిస్తదండి, చేసుకునే ధైర్యం లేదండి" అన్నారు. చెరువు షెడ్డులో మందులు, రసాయనాలు ఎప్పుడూ ఉంటాయి కనుక ఆ గది తాళం చెవి ఆ రోజు నుంచే ఆయన భార్య దగ్గర ఉండేలా ఒప్పించి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ సంఖ్య 14416ను ఇద్దరి ఫోన్లలోనూ వేయించాను. ఏ సిద్ధాంతమైనా ఈ పని తరవాతనే.

పానిక్‌కు కాగ్నిటివ్ పద్ధతి, అంటే మనిషి ఆలోచనలను, నమ్మకాలను పరీక్షించి దిద్దే సంజ్ఞానాత్మక పద్ధతి, చెప్పే వివరణ 1986లో మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ రూపొందించినది. శరీరంలో సహజంగా పుట్టే ఒక మార్పును, అంటే దడనో ఆయాసాన్నో, మనిషి రాబోయే మహా విపత్తుకు గుర్తుగా అర్థం చేసుకుంటాడు; ఆ అర్థం భయాన్ని పుట్టిస్తుంది; భయం దడను పెంచుతుంది; పెరిగిన దడ ఆ అర్థాన్ని ఇంకా బలపరుస్తుంది. బయటి ప్రేరణకూ మనిషి ప్రతిస్పందనకూ మధ్య 'అర్థం చేసుకోవడం' అనే మెట్టు ఒకటి ఉందనీ, దాన్ని శాస్త్రీయంగా పరిశీలించవచ్చుననీ నిలబెట్టడమే ఈ మొత్తం దృక్పథం చేసిన పెద్ద పని. అంతకు ముందు, బయటికి కనిపించే ప్రవర్తననే పరిశీలించాలన్న ప్రవర్తనావాదులు ఆ మెట్టును లోపలికి చూడలేని పెట్టెగా వదిలేశారు. 1950ల నుంచి జ్ఞాపకశక్తి, అవధానం (దృష్టి నిలపడం) మీద ప్రయోగాలు పెరిగి, 1967లో అల్రిక్ నైసర్ ఆ పరిశోధనలన్నిటినీ కాగ్నిటివ్ సైకాలజీ అన్న పేరు కింద ఒకచోట చేర్చారు. దాదాపు అదే కాలంలో ఫిలడెల్ఫియాలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ డిప్రెషన్ రోగుల మాటల్లో తమ గురించీ, లోకం గురించీ, భవిష్యత్తు గురించీ పదే పదే వచ్చే చెడు తీర్పులను గమనించి, వాటినే చికిత్సకు కేంద్రంగా చేసుకున్నారు.

ఈ రైతు విషయంలో భయాన్ని నిలబెడుతున్న అలవాట్లు చాలా ఉన్నాయి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరును రోజుకు ఎన్నోసార్లు వేలికి పెట్టుకుంటున్నారు. గట్టు మీదికి ఒంటరిగా వెళ్లడం మానేసి, బండి వెనక పాలేరును ఎక్కించుకుంటున్నారు. కాఫీ మానేశారు. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర, వైద్యుడు రాయకపోయినా, జేబులో ఉంటోంది. దాడి వచ్చిన ప్రతిసారీ ఆయన బతికి బయటపడ్డారు. కానీ ఆ మాత్ర ఉండబట్టి, పాలేరు ఉండబట్టి బతికానని అనుకున్నారు కనుక, అన్నిసార్లు బయటపడినా ఆ నమ్మకం సడలలేదు. పాల్ సాల్కోవ్‌స్కిస్ రక్షణ చర్యలని పేరు పెట్టినవి ఇవే.

పద్ధతి బాగా పనిచేసిన చోట

గుండె వైద్యుడి అనుమతి తీసుకుని, నా గదిలోనే ఆయన చేత రెండు నిమిషాలు వేగంగా, లోతుగా ఊపిరి తీయించాను. నిమిషం దాటేసరికి చేతులు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది, దడ మొదలైంది. "ఇదేనండి, అచ్చం ఇదేనండి" అన్నారు. అతిగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఇవే లక్షణాలు వస్తాయని అప్పుడు వివరించాను. ముందే చెప్పి ఉంటే అది నా మాట అయ్యేది, చేసి చూశాక అది ఆయన అనుభవమైంది. 'దడ వస్తే గుండె ఆగిపోతుంది' అన్న నమ్మకానికి నూటికి ఎంత అని మొదట అడిగితే 90 అన్నారు, ఆ రోజు వెళ్లేటప్పుడు అడిగితే 60 అన్నారు.

ఇంటి పనిగా ఆలోచనల పట్టిక రాయమని ఇస్తే రాయలేదు. గడులు గీసిన ఆ కాగితం ఆయనకు బడిలో పరీక్షలా అనిపించింది. కానీ ఆయన దగ్గర రోజూ రాసే మేత పుస్తకం ఉంది: ఏ వేళ ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఆక్సిజన్ ఎంత. అందులోనే పక్కన ఒక వరుస పెంచి, దడ వచ్చిన వేళ, అప్పుడు అనుకున్నది, అరగంట తరవాత జరిగినది రాయమన్నాను. ఒక్క రోజు కూడా వదలకుండా రాశారు. చికిత్సను ఆయనకు అర్థం చేయించడానికి కూడా ఆ చెక్ ట్రేనే సాయం తెచ్చుకున్నాను: రొయ్య మేత తింటోందో లేదో గట్టు మీద నిలబడి ఊహించరు, ట్రేలో కొంచెం పెట్టి, రెండు గంటలయ్యాక పైకి తీసి చూస్తారు, నమ్మకాన్ని కూడా అలాగే చిన్న మోతాదులో పెట్టి చూడాలి. ఆ తరవాత ఆక్సీమీటరు ఇంట్లో వదిలి గట్టుకు వెళ్లడం, పాలేరు లేకుండా వెళ్లడం, మెట్లు పరుగెత్తి ఎక్కి దడ తెప్పించుకోవడం, చివరికి జేబులో మాత్ర లేకుండా రాత్రి కాపలా కాయడం ఒక్కొక్కటిగా జరిగాయి. ఆగస్టు మధ్యకు దాడులు పూర్తిగా ఆగాయి. నమ్మకం నూటికి 10కి దిగింది.

ఈ పద్ధతి బలం ఏమిటో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అది నిజమో కాదో తేల్చే పరీక్షను గదిలోనే పెట్టవచ్చు. ఫలితాన్ని అంకెల్లో రాయవచ్చు. పరీక్షించేది రోగే కనుక వైద్యుడి మీద భక్తితో నమ్మాల్సిన పని లేదు. దిష్టి తగిలిందనీ, నరాల బలహీనత అనీ నెలల తరబడి తిరిగే మనుషులకు తమ బాధ ఎలా పుడుతోందో, ఎక్కడ తెగుతుందో చూపించి, ఆ పనిముట్టును వారి చేతికే ఇచ్చే పద్ధతులు మన వైద్యంలో ఎన్నో లేవు. అందుకే పానిక్ కేసుల్లో దీన్ని ముందు వాడకపోవడం రోగికి అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

అయితే ఈ దశలోనే పాఠ్యపుస్తకం ఒకచోట సరిపోలేదు. రాత్రి పదే పదే లేచి చెరువును చూసి రావడం రక్షణ చర్యేనా? పుస్తకం ప్రకారం పదే పదే సరిచూసుకోవడాన్ని తగ్గించాలి. కానీ మూడింటికి లేచి ఏరేటర్లు చూడడం ఈ వృత్తిలో బాధ్యత. అందుకని, లేచిన ప్రతిసారీ 'ఇప్పుడు వెళ్తున్నది రొయ్య కోసమా, నా గుండెల్లో గుబులు తగ్గడం కోసమా' అని ఆయన తననే అడిగి మేత పుస్తకంలో గుర్తు పెట్టుకోవాలని అనుకున్నాం. సాయంత్రం మీటరు కొలత, ఆ రోజు మబ్బు, రొయ్య వయసు చూసుకుని ఏ వేళల్లో వెళ్లాలో ఆయనే ముందుగా నిర్ణయించారు. నాకు ఆ లెక్క తెలియదు, ఆయనకు తెలుసు. కరెంటు పోతే ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు ఒకటి పెట్టించుకుని, వారంలో కొన్ని రాత్రులు కాపలాను బావమరిదికి అప్పగించారు. 'నేను లేకపోతే చెరువు పోతుంది' అన్నది కూడా పరీక్షించదగ్గ నమ్మకమేనని అలా తేలింది.

స్కోరు కదలని చోట

పానిక్ తగ్గినా పీహెచ్‌క్యూ-9 మాత్రం 16 నుంచి 14కే దిగింది. దడ పోయిన మనిషి ఇంకా అన్నం సరిగా తినడం లేదు, పిల్లలతో మాట్లాడడం లేదు. మేత పుస్తకంలో రాసిన మాటలు మారాయి: 'అప్పు తీరదు', 'కుటుంబాన్ని ముంచేశాను', 'ఊళ్లో తలెత్తుకోలేను'.

బెక్ పద్ధతిలో ఇలాంటి ఆలోచనకు అనుకూలమైన ఆధారాలేమిటి, వ్యతిరేకమైనవేమిటి అని రెండు వరుసలు రాస్తాం. 'అప్పు తీరదు' అన్నదాన్ని అలా రాయడానికి కూర్చుంటే అనుకూల ఆధారాల వరుసే నిండింది. కౌలు ముందే చెల్లించారు. మేత అరువు తెచ్చారు, పంట పట్టగానే సరుకు ఆ డీలరు చెప్పిన ధరకే ఇవ్వాలి. భార్య బంగారం తాకట్టులో ఉంది. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చి అంతకు ముందు పంట సగంలోనే తీసేశారు. జూన్‌లో ఆయన 'ధర పడిపోతే మునిగిపోతాం' అని రాసుకున్నారు. అంతలో ఆగస్టు 27 నుంచి భారత్ సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. అప్పటికి మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. పాఠ్యపుస్తకాన్ని పట్టుకుని జూన్‌లోనే ఆ వాక్యాన్ని విపరీత ఊహ అని ముద్ర వేసి ఉంటే, సెప్టెంబరులో ఆయన ముందు మొహం చెల్లేది కాదు.

కాగ్నిటివ్ పద్ధతికి ఉన్న ముఖ్యమైన పరిమితి ఇదేనని నేను అనుకుంటాను. ఆలోచనలో దోషం ఉందన్న అంచనాతో అది మొదలవుతుంది. బాధపడేవాడి ఆలోచన చాలావరకు నిజమైతే దాన్ని దిద్దడం చికిత్స అనిపించుకోదు. పైగా కష్టానికి కారణం మనిషి తలలోనే ఉందని చెప్పకనే చెప్పినట్టవుతుంది. అప్పటికే తన్ను తాను నిందించుకుంటున్న రైతుకు అది మరో నింద. 1979లో లారెన్ అల్లాయ్, లిన్ అబ్రామ్సన్ చేసిన ప్రయోగాల్లో, తమ చేతలకు ఫలితం మీద ఎంత అదుపు ఉందో డిప్రెషన్ లక్షణాలున్న విద్యార్థులే మిగతావారికన్నా సరిగా అంచనా వేశారు. తరవాతి పరిశోధనల్లో ఆ ఫలితం ప్రతిసారీ నిలవలేదు కనుక దాని మీద మేడలు కట్టను. కానీ, దిగులుగా ఉన్నవాడు తప్పుగానే ఆలోచిస్తాడని ముందుగా ఖాయం చేసుకోకూడదన్న హెచ్చరికగా అది ఈ పల్లెల్లో పనిచేసేవారికి ఎంతో అవసరం.

కారణకార్యాల ప్రశ్న కూడా ఉంది. చెడు ఆలోచనల వల్ల డిప్రెషన్ వస్తోందా, డిప్రెషన్ వల్ల అవి వస్తున్నాయా అన్నది ఈ సిద్ధాంతం తేలిగ్గా తేల్చలేదు; ఆలోచనల జోలికి పోకుండా మందులతో కోలుకున్నవారిలో కూడా ఆ ఆలోచనలు తగ్గుతాయి. 1996లో నీల్ జేకబ్సన్ బృందం బెక్ చికిత్సను భాగాలుగా విడదీసి చూసినప్పుడు, మనిషిని మళ్లీ పనుల్లోకి, మనుషుల్లోకి తెచ్చే భాగం ఒక్కటే పూర్తి చికిత్సకు దీటుగా పనిచేసింది. మన దేశంలో కూడా, గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వృత్తి నిపుణులు కాని స్థానిక సలహాదారుల చేత చేయించిన అలాంటి చికిత్స తీవ్ర డిప్రెషన్‌లో మేలు చేసిందని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మానసిక నిపుణులు వేళ్ల మీద లెక్కించేంత మందే ఉన్న జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు.

మనిషి తన మనసు గురించి చెప్పేదాన్నే ఆధారంగా తీసుకోవడం మరో ఇబ్బంది. సెంటర్‌లోని కాఫీ హోటలుకు వెళ్లడం ఎందుకు మానేశారని అడిగితే, కాఫీతో దడ పెరుగుతుందని ఆయన మనస్ఫూర్తిగానే చెప్పారు, నేను కూడా దాన్ని రక్షణ చర్యల్లోనే రాసుకున్నాను. దడ పోయాక కూడా ఆయన అటు వెళ్లలేదు. మేత డీలరు రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుంటారని భార్య చెప్పాక అసలు సంగతి తెలిసింది. తమ ప్రవర్తనకు కారణాలను మనుషులు చూసి చెప్పరు, నమ్మదగ్గ కారణాన్ని ఊహించి చెబుతారని మనస్తత్వవేత్తలు నిస్బెట్, విల్సన్ 1977లోనే వాదించారు. ఆలోచనల పట్టికను ఎంత శ్రద్ధగా రాయించినా, అందులోకి రానిది ఇంట్లోవాళ్ల కంటికి కనిపించవచ్చు.

అందుకని తరవాతి సమావేశాలకు భార్యను కూడా రమ్మన్నాను. ఒక్కో ఆలోచనను మూడు ముక్కలు చేశాం. అప్పు ఉంది అన్నది వాస్తవం. దానికి కావలసింది కాగితం, పెన్ను, లెక్క. తీరదు అన్నది అంచనా. అది ఎన్ని చెరువులు, ఎంత వడ్డీ, ఏ ధర అన్నవాటి మీద ఆధారపడుతుంది. నేను పనికిమాలినవాణ్ని అన్నది తీర్పు. కాగ్నిటివ్ పద్ధతి మళ్లీ చేతికి తీసుకోవలసింది దీన్ని. లెక్క రాసినప్పుడు ఆయన భార్యకు చెప్పని అప్పు ఒకటి బయటపడింది. 'ఆవిడకు తెలిస్తే తట్టుకోలేదు' అని ఆయన నెలల నుంచి మోస్తున్న నమ్మకం ఉంది. ఆవిడ తల ఎత్తకుండానే, "నాకు చవితి ముందే తెలుసండి, మీరే చెబుతారని చూస్తున్నానండి" అన్నారు. డిప్రెషన్‌లోని నమ్మకాలన్నీ నిజాలు కావు, కొన్ని గుండె ఆగిపోతుందన్న దానిలాగే తప్పు, వాటికి ఈ పద్ధతి ఇప్పటికీ పదునైనదే. ఏది ఏ జాతిదో గుర్తించడం వైద్యుడి బాధ్యత, ఆ పని సిద్ధాంతం చేసి పెట్టదు.

తీర్పు వెనక ఉన్నది వెతికినప్పుడు 1996 నవంబరు 6 నాటి తుఫాను వచ్చింది. ఆయనకు అప్పుడు పదమూడేళ్లు. తండ్రి కొబ్బరి తోట ఒక్క రాత్రిలో నేలమట్టమైంది, ఆ తరవాత తండ్రి కోలుకోలేదు. జ్ఞాపకాన్ని మనిషి తనకున్న పాత చట్రంలోకి తిరిగి కట్టుకుంటాడని మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లో చూపించినది, బెక్ దాన్ని చికిత్సకు అన్వయించినది ఇక్కడ ఎంతో ఉపయోగపడ్డాయి: 'ఒక్క రాత్రిలో అంతా పోతుంది, పోతే మగవాడు లేవలేడు' అన్న చట్రంలోంచే ఆయన ప్రతి కరెంటు కోతనూ చూస్తున్నారు. మొదటి సగాన్ని నేను ముట్టుకోలేదు. డెల్టా చివర బతికే మనిషికి అది తప్పుడు నమ్మకమని చెప్పే హక్కు నాకు లేదు. రెండో సగాన్ని మాత్రం, తుఫాను తరవాత అదే ఊళ్లో మళ్లీ మొక్కలు నాటినవారిని ఒక్కొక్కరినీ ఆయన చేతే గుర్తు చేయించి, పరీక్షకు పెట్టాం.

తరవాతి పరిస్థితి

సెప్టెంబరులో సైకియాట్రిస్టు డిప్రెషన్ మందు ఎస్‌సిటాలోప్రామ్ మొదలుపెట్టారు. భార్యాభర్తలు వడ్డీ ఎక్కువ ఉన్న అప్పు ముందు తీర్చేలా వరుస రాసుకున్నారు, కౌలు గడువు తీరిన చెరువులను వదిలేశారు, ఉన్నవాటిలో సీడు పలచగా వేశారు. డీలరుతో మాట్లాడడానికి బావమరిదిని వెంట తీసుకుని వెళ్లారు. ఊళ్లో కొందరు నిజంగానే వెనక మాట్లాడుకున్నారు. హోటల్లో కాఫీ పోసేవాడు మాత్రం ఇన్నాళ్లూ కనపడలేదేమని అడిగి, ఎప్పటిలాగే గ్లాసు అందించాడు. ఆ రెండు సంగతులూ మేత పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి.

సంక్రాంతి తరవాత చూసినప్పుడు పీహెచ్‌క్యూ-9 స్కోరు 8, జీఏడీ-7 స్కోరు 6. పానిక్ దాడులు తిరిగి రాలేదు. పానిక్ తగ్గడానికి కారణం కాగ్నిటివ్ చికిత్సేనని నేను కొంత ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే అప్పటికి మందులూ లేవు, అప్పుల పరిస్థితీ మారలేదు, ఒక్కొక్క పరీక్ష తరవాతా నమ్మకం మెట్టు మెట్టుగా దిగడం మేత పుస్తకంలో ఉంది. డిప్రెషన్ తగ్గడానికి మందు, చెరువుల తగ్గింపు, భార్యకు నిజం తెలియడం, మళ్లీ నలుగురిలోకి రావడం, ఆలోచనల మీద పని అన్నీ ఒకే కాలంలో జరిగాయి. వాటిలో ఏది ఎంత అన్నది ఒక్క కేసులో విడదీయలేం.

అప్పు సగానికి పైగా ఇంకా ఉంది. మందు ఇంకొన్ని నెలలు కొనసాగించాలన్నది సైకియాట్రిస్టు సలహా. రసాయనాల గది తాళం ఇప్పటికీ భార్య దగ్గరే ఉంది. వేసవి పంటకు సీడు వేసే ముందు ఇద్దరూ కలిసి మరోసారి రావాలనీ, ఆ రోజు స్కోర్లతో పాటు చెరువుల సంఖ్యనూ, అప్పుల వరుసనూ ముందు పెట్టుకుని మాట్లాడాలనీ నిర్ణయించాం.